వాసన తెలియని ఇద్దరు

లాండ్రీలో ఆమెను అందరూ మడతక్క అనేవాళ్ళు. అసలు పేరుతో పిలవాల్సిన అవసరం ఎవరికీ పడలేదు. వెనకగదిలో కిటికీ పక్కన పొడవాటి బల్ల ఒకటి ఉండేది. దాని ముందు నిలబడి పందొమ్మిదేళ్ళుగా ఇస్త్రీ చేస్తున్న మనిషి ఆమె. మడతక్క మడిచిన చొక్కాను విప్పి తొడుక్కోవాలంటే మనసొప్పదని చుట్టుపక్కల వీధుల్లో చెప్పుకునేవారు. అందులో కొంత అతిశయం ఉంది. కానీ ఆమె చేతిలో ఇన్నేళ్ళలో ఒక్క బట్ట కూడా మాడలేదన్న మాటలో ఆవగింజంత అతిశయం కూడా లేదు.

కొత్తగా పనిలో చేరినవాళ్ళు ఆ కిటుకేమిటో చెప్పమని వెంటపడితే ఆమె ఒకటే చెప్పేది. ముక్కును నమ్ముకోవద్దు, వాసన వచ్చిందంటే గుడ్డ అప్పటికే పోయినట్టు, చెయ్యి అంతకుముందే లేవాలి అని. ఆమె ఇస్త్రీ పెట్టె అడుగున ఒక నీటిబొట్టు రాల్చి అది చుయ్‌మనే తీరు వినేది. పాత తెల్లగుడ్డ మీద ఒకసారి పెట్టె నడిపి రంగు చూసేది. నూలుకొక లెక్క, పట్టుకొక లెక్క, ఉన్నికొక లెక్క మనసులో పెట్టుకుని చెయ్యి కదిపేది. లాండ్రీ నడిపే ఓనరమ్మ ఇదంతా చూసి, ఎంత ఒడుపు, ఎంత ఒడుపు అని వచ్చినవాళ్ళకల్లా చూపించి మురిసిపోయేది. అసలు సంగతి ఓనరమ్మకూ తెలియదు. మడతక్కకు బుద్ధెరిగినప్పటి నుంచి ఏ వాసనా తెలియదు.

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పుడు ఒకసారి తల్లితో, పువ్వులకు వాసన ఉంటుందని అందరూ ఎందుకు అబద్ధాలాడతారని అడిగింది. తల్లి పొట్టచెక్కలయ్యేలా నవ్వి, పక్కింటివాళ్ళకు కూడా చెప్పి నవ్వించింది. పిల్లకు పౌరుషం జాస్తి. ఆ రోజు నుంచి పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటే తానూ మూసుకునేది, వాళ్ళు ఆహా అంటే తానూ ఆహా అనేది. మనుషుల ముఖాలు చదవడంలో అలా ఆరితేరింది. ముక్కుసూటి మనిషని పేరు తెచ్చుకున్న ఆమెకు ఆ ముక్కే పనిచేయదంటే ఎవరు నమ్ముతారు?

తండ్రి ముందే పోయాడు. ఆమెకు ఇరవై ఒకటో ఏట తల్లి కూడా పోయింది. తొమ్మిదేళ్ళ తమ్ముడు ఆమె చేతికొచ్చాడు. వాడిప్పుడు ఆరడుగుల మనిషి, ఇరవై నాలుగేళ్ళు నిండాయి. అయినా అక్క నోట చిన్నోడే. పెళ్ళి సంబంధాలు తెచ్చినవాళ్ళను ముందు నా తమ్ముణ్ణి పెంచనివ్వండి అని పంపేసింది. తమ్ముడు పెరిగాక అలవాటైపోయిందని పంపేసింది. వాడికి ఏ లోటూ చేయలేదు. రెండు పూటలా గ్లాసు నిండా చిక్కటి పాలు, రొట్టె మీద వేలి మందాన వెన్న. వద్దని మొరాయిస్తే, తాగరా, కళ్ళకు మంచిది అని బుజ్జగించి తాగించేది. ఆ మాట ఎంత ముల్లై గుచ్చుకుంటుందో అప్పుడామెకు తెలియదు.

మొదట తేడా చేసింది ఆమె చూపే. సాయంత్రం దీపాలు పెట్టేవేళకు మెట్లు కనిపించడం మానేశాయి. పక్కనుంచి ఎవరైనా వస్తే గోడలోంచి ఊడిపడినట్టు ఉలిక్కిపడేది. కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్తే అక్కడాయన గోడమీది అక్షరాలు చదివించాడు. అన్నిటికన్నా కింద ఉన్న చీమతలంత వరస కూడా గడగడా చదివేసింది. నీ కళ్ళు నాకిస్తే బాగుండునమ్మా అని ఆయన పంపేశాడు. ఎదురుగా ఉన్నది అంత బాగా కనిపించేది మరి. పక్కలే కొద్దికొద్దిగా మూసుకుపోతున్నాయి. కాగితాన్ని గొట్టంలా చుట్టి అందులోంచి చూస్తే ఎలా ఉంటుందో ఆమెకు లోకం అలా తయారవుతోంది.

తర్వాత పాదాలు. ఒకరోజు పనికి వస్తుంటే దారిలో చెప్పు జారిపోయింది. అది తెలియక ఒంటి చెప్పుతోనే లాండ్రీ దాకా నడిచొచ్చింది. ఓనరమ్మ చూసి, రెండోది ఎవరికి దానం చేశావని అడిగింది. మడతక్క నవ్వేసింది గానీ ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి పెద్దాసుపత్రిలో నరాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. భయపడి ఇంట్లో కూర్చునే రకం కాదామె.

ఆ డాక్టరమ్మ నిదానస్తురాలు. సుత్తితో మోకాళ్ళు తట్టి చూసింది, పాదాలను సూదిమొనతో తాకి చూసింది. రెండు పాదాలకూ నాలుగో వేలు మిగతావాటికన్నా బాగా పొట్టిగా ఉండటం గమనించి అక్కడే కాసేపు ఆగింది. తలెత్తి, నీకు వాసనలు తెలుస్తాయా అని అడిగింది. ముప్ఫై ఆరేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడ. అలవాటు కొద్దీ ఓ తెలుస్తాయి అనబోయి, ఆ ముఖంలోకి చూసి, తెలియవండి అంది మడతక్క. ఆ ఒక్క మాటతో గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది.

నెత్తురు పరీక్షల ఫలితం వచ్చాక డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. జబ్బు పేరు రెఫ్సమ్. లక్షల్లో ఒకరికి వస్తే వస్తుంది. పచ్చగడ్డి మేసే పశువుల పాలలో, వెన్నలో, నెయ్యిలో, మాంసంలో ఒక రకం కొవ్వు ఉంటుంది. అందరి ఒళ్ళూ దాన్ని విరిచి అరిగించుకుంటుంది. ఈ జబ్బు ఉన్నవాళ్ళ ఒంటికి ఆ విద్య రాదు. అది ఏళ్ళ తరబడి పేరుకుని నరాలను, కంటిపొరను తినేస్తుంది. తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు చేరితేనే బిడ్డకు వస్తుంది, వాళ్ళిద్దరికీ మాత్రం ఏమీ ఉండదు. పోయిన చూపు తిరిగిరాదు, ఉన్నది నిలబెట్టుకోవచ్చు, పాదాలు కోలుకుంటాయి. ఇంతవరకూ చెప్పి డాక్టరమ్మ, నీకు తోబుట్టువులు ఉన్నారా అని అడిగింది.

ఒక తమ్ముడున్నాడని చెప్పింది మడతక్క. చిన్నోడి పాదాలు కళ్ళముందు కదిలాయి. వాడి నాలుగో వేలూ పొట్టిదే. అక్కాతమ్ముళ్ళు ఒకే తానులో ముక్కలేనని వీధిలో అందరూ మెచ్చుకునే గుర్తది. ఇంకోటి కూడా తట్టింది. ఇంట్లో ఎన్నిసార్లు పాలు పొంగి పొయ్యి మీద మాడలేదు? గిన్నె నల్లబడేదాకా ఇద్దరూ పక్కగదిలోనే కబుర్లు చెప్పుకుంటూ కూర్చునేవాళ్ళు. నువ్వు చూసుకోలేదంటే నువ్వు చూసుకోలేదని పోట్లాడుకునేవాళ్ళు. ఆమె ముక్కు చిట్లిస్తే వాడూ చిట్లించేవాడు, వాడు చిట్లిస్తే ఆమె చిట్లించేది. ఒకరిని చూసి ఒకరు నటిస్తూ పదిహేనేళ్ళు ఒకే కప్పు కింద గడిపేశారు. పైగా గ్లాసుల కొద్దీ పాలు తాగించింది తనే. ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఆమె ఏడ్చింది ఆ రోజొక్కటే, తన కళ్ళ కోసం కాదు.

అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత ఆమె చేసిన పని మాత్రం ఆమె తప్ప ఇంకెవరూ చెయ్యరు. తినకూడనివాటి జాబితా ఇస్తూ డాక్టరమ్మ, కడుపు మాత్రం మాడ్చుకోవద్దు, బరువు తగ్గొద్దు అని రెండుసార్లు చెప్పింది. మడతక్క మొదటి సగం విని లేచొచ్చేసింది. తిండిలోనే విషముంటే తిండి ఎంత తగ్గిస్తే అంత మేలు కదా అని తనకు తానే తీర్పు చెప్పుకుంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. పొద్దున ఒక పండు, సాయంత్రం ఇంకో పండు. నెల తిరిగేసరికి ఏడు కిలోలు తగ్గింది. ముప్ఫయ్యో రోజున, ఇస్త్రీ బల్ల ముందు నిలబడిన మనిషి నిలబడినట్టే కూలిపోయింది. కాళ్ళలో సత్తువ లేదు, చేతిలో చెంచా నిలవదు.

నువ్వు చేసిందేమిటో తెలుసా అని డాక్టరమ్మ ఆసుపత్రి మంచం పక్కన నిలబడి చివాట్లు పెట్టింది. ఆ పాడు కొవ్వంతా ఒంట్లో మూటకట్టి ఉంటుంది, నువ్వు పస్తుంటే ఒళ్ళు ఆకలికి ఆ మూట విప్పుతుంది, అదంతా ఒక్కసారిగా నెత్తుట్లోకి వచ్చి పడుతుంది అని. యంత్రం పెట్టి రక్తంలోని నీటిని మార్చారు. మూడు వారాలకు లేచి కూర్చుంది, మూడు నెలలకు పనిలోకి వచ్చింది. ఓనరమ్మ ఆమె కోసం ఎత్తు స్టూలు చేయించింది. చూపు ఇరుకైతే ఏం, బట్టలన్నీ ఎదురుగా వచ్చేలా బల్ల మార్చుకుంది. పక్కనుంచి రావొద్దు, ముందు పిలవండి అని అందరికీ చెప్పింది. వెన్న తీసిన పాలు, గింజలు, కూరగాయలు కడుపునిండా తినేది. కొన్నాళ్ళకు అరికాలికి నేల చల్లదనం తెలియడం మొదలైంది. ఆ రోజు చెప్పులు విడిచి గదంతా నాలుగుసార్లు తిరిగింది.

కానీ చేసిన తప్పు ఊరికే పోలేదు. చిన్నోడికి అది సాకైంది. పరీక్షకు రమ్మని ఎన్నిసార్లు బతిమాలినా వాడిది ఒకటే మాట. నడిచి వెళ్ళినదానివి, డాక్టర్ల చేతిలో పడ్డాక మంచం మీద వచ్చావు, నన్నూ పడుకోబెడతావా అని. పస్తు తన సొంత తెలివేనని ఆమె మొత్తుకున్నా చెవికెక్కించుకోలేదు. వాసన సంగతి అడిగితే, నాకు బ్రహ్మాండంగా తెలుస్తుంది, నీకు లేకపోతే నాకూ ఉండకూడదా అని నవ్వేసేవాడు. ఆ నవ్వు ఆమెకు బాగా తెలుసు. ముప్ఫై ఆరేళ్ళు తాను నవ్విన నవ్వే అది.

వాడి తొందర వాడికుంది. ఇన్నాళ్ళూ పగటిపూట సరుకుల వ్యాను నడిపినవాడికి దూరప్రయాణాల రాత్రి బస్సు మీద డ్రైవరు ఉద్యోగం వచ్చింది. వైద్యపరీక్షలో గోడమీది అక్షరాలు చదివించారు. కిందివరస దాకా చదివాడు, పాసయ్యాడు. ఇంకో పన్నెండు రోజుల్లో నలభైమందిని ఎక్కించుకుని చీకట్లోకి బయల్దేరాలి. ఈమధ్య వాడు లాండ్రీ వెనకగదిలోకి వచ్చినప్పుడల్లా గుమ్మం పక్కనున్న బట్టల తోపుడుబండి మూలకు మోకాలు కొట్టుకునేవాడు. ప్రతిసారీ దాన్ని ఎవరో జరిపారని తిట్టేవాడు. దాన్ని ఎవరూ జరపలేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతోందని మడతక్కకు అర్థమైంది. వాడి కళ్ళు పోతాయన్న భయం ఒకవైపు, ఆ నలభైమంది ఒకవైపు. నోటిమాటతో అయ్యేది కాదని తేల్చుకుంది.

మధ్యాహ్నాలు తమ్ముడు ఆమెతో కలిసి తినడానికి వెనకగదికి వచ్చేవాడు. ఆ రోజు ఆమె వాణ్ణి కిటికీవైపు ముఖం పెట్టి కూర్చోబెట్టింది. తాను వాడికెదురుగా కూర్చుంది. వాడి వెనక రాతిపలక మీద, బల్లకు పరిచే పాత ఉన్ని కంబళి ముక్కను నాలుగు మడతలు వేసి పెట్టింది. పూర్తి వేడిలో ఉన్న ఇస్త్రీ పెట్టెను దాని మీద బోర్లించి వదిలేసింది. పందొమ్మిదేళ్ళలో ఆ చేతులు చేయని పని అది.

తర్వాత అసలు కష్టం మొదలైంది. వాసన వచ్చిందో రాలేదో ఆమెకు తెలిస్తేగా? మాడిన ఉన్ని వెంట్రుకలు కాలిన కంపు కొడుతుందని విన్నదే గానీ ఎరిగింది కాదు. పొగ సన్నగా లేస్తోందేమో, వాడి వీపు చాటున అది ఆమె ఇరుకు చూపుకు అందడం లేదు. కనిపిస్తున్నదల్లా తమ్ముడి ముఖం ఒక్కటే. వాడు తాపీగా తింటున్నాడు. బస్సుకు ఎన్ని గేర్లో, డిపోలో ఎవరు ఎలాంటివాళ్ళో చెబుతున్నాడు. ఆమె ఊఁ కొడుతూ మనసులో లెక్క పెడుతోంది. నూరు దాటింది, ఏడు వందలు దాటింది. నా తమ్ముడు ముక్కు ఎగబీల్చాలి, ఏంటక్కా ఈ కంపు అనాలి, నన్ను నాలుగు తిట్టాలి అని లోపల దండం పెట్టుకుంటూనే ఉంది. వాడు గ్లాసెత్తి నీళ్ళు తాగి, ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

తలుపు ధడాలున తెరుచుకుంది. ఓనరమ్మ రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గుతూ వచ్చింది.

“ఏం తగలబెడుతున్నారే? కంపుకి కడుపులో తిప్పేస్తోంది.”

చిన్నోడు ఆవిడ రుమాలు చూశాడు. చూసి, వెంటనే ముక్కు చిట్లించాడు.

“అవునక్కా, ఏదో మాడుతోంది. నాకూ ఇప్పుడే వచ్చింది.”

“ఇప్పుడేంటయ్యా,” అంది ఓనరమ్మ, పెట్టె తీసి పక్కన నిలబెడుతూ. “పదినిమిషాలైంది. కౌంటర్ దగ్గరున్నవాళ్ళు లేచి వీధిలోకి వెళ్ళిపోయారు.”

చిన్నోడు వెనక్కి తిరిగి చూశాడు. తన వీపుకు మూరెడు దూరంలో కంబళి నల్లగా కాలి పొగలు కక్కుతోంది. మడతక్క గొంతు పెంచలేదు.

“నాకూ రాలేదురా. చిన్నప్పట్నుంచీ నేను నిన్ను చూసి ముక్కు మూసుకున్నాను, నువ్వు నన్ను చూసి మూసుకున్నావు. ఇంక చాలు.”

వాడికి కోపం ముంచుకొచ్చింది. నలుగురిలో పరువు తీశావన్నాడు, నా ఉద్యోగం మీద పగబట్టావన్నాడు. తింటున్న చెయ్యి కడుక్కోకుండానే లేచి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ తోపుడుబండికి మళ్ళీ గుద్దుకున్నాడు. ఓనరమ్మకు విషయమంతా అప్పుడే తెలిసింది. ఇన్నేళ్ళూ ముక్కు లేకుండా నా బట్టలన్నీ కాపాడావా తల్లీ అని బల్లకు చేరబడిపోయింది. కాలిన కంబళి ఖరీదు సంగతి ఆవిడ అప్పుడూ ఎత్తలేదు, తర్వాతా ఎత్తలేదు.

నాలుగు రోజులు వాడు ఇంటికి రాలేదు, ఫోనెత్తలేదు. మడతక్క పని మానలేదు, తిండి మానలేదు. మళ్ళీ ఆ తెలివితక్కువ పని చేసే ఉద్దేశం ఆమెకు లేదు. తన మీద తనకు నమ్మకముంది, తాను పెంచిన వాడి మీద కూడా. ఐదో రోజు పొద్దున్నే వాడు లాండ్రీ వెనకగది గుమ్మం బయట నిలబడి, అక్కా అని పిలిచాడు. పక్కనుంచి రాకుండా ముందు పిలవాలన్న మాట వాడికి గుర్తుంది. లోపలికి వచ్చి స్టూలు పక్కన నేలమీద కూర్చుని, కళ్ళెత్తకుండా చెప్పాడు.

“మొన్న ట్రయల్ బస్సు నడిపాను. చీకటి పడుతున్న టైము. పక్కసందులోంచి సైకిల్ మీద ఒకాయన వచ్చాడక్కా, నాకు కనపడలేదు. కండక్టర్ అరిచాడు కాబట్టి బ్రేకేశాను. ఆయన బతికాడు. నిన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు.”

ఆమె పెట్టె పక్కన పెట్టి వాడి తల మీద చెయ్యి వేసింది.

“డిపోలో చెప్పావా?”

“చెప్పొచ్చాను. టైర్ల సెక్షన్లో పని చూస్తామన్నారు. ఇక ఆసుపత్రికి తీసుకెళ్ళు.”

నెత్తురు పరీక్షలో వాడిదీ అదే జబ్బని తేలింది. ఆ మాట వినగానే చిన్నోడు అక్క చెయ్యి పట్టుకున్నాడు. తొమ్మిదేళ్ళ వయసులో పట్టుకున్నంత గట్టిగా పట్టుకున్నాడు. డాక్టరమ్మ మొదట తిండి సంగతులు చెప్పింది. పస్తుల గురించి చెప్పేటప్పుడు మడతక్క వైపు ఒక చూపు చూసింది. బయటికొచ్చాక ఆ జాగ్రత్త వాడికి మూడుసార్లు చెబుతానని మడతక్క తలొంచుకుని ఒప్పుకుంది. తర్వాత వాణ్ణి చీకటిగదిలో ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి, చుక్కలు వెలిగినప్పుడల్లా మీట నొక్కమన్నారు. చూపు ఎంత మేర పారుతుందో ఆ యంత్రం కాగితం మీద అచ్చు వేస్తుంది. కనపడే చోటు తెల్లగా, కనపడని చోటు నల్లగా వస్తుంది.

డాక్టరమ్మ రెండు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పెట్టింది. మొదటిది మడతక్కది. నిండా నలుపు, నడుమ రూపాయి బిళ్ళంత తెలుపు. ఆ తెలుపు ఆమెకు ఒక్క చూపులోనే మొత్తం కనిపించింది.

“ఇది మీ తమ్ముడిది,” అంది డాక్టరమ్మ. “రాత్రిపూట బండి నడపడం ఈ జన్మకు వద్దు. జాగ్రత్తగా ఉంటే ఉన్నదాంట్లో చాలావరకు నిలబడుతుంది. నువ్వు వచ్చిన వయసు కన్నా పన్నెండేళ్ళు ముందొచ్చాడు.”

మడతక్క రెండో కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. నడుమ తెలుపు. తల కుడివైపు తిప్పింది, ఇంకా తెలుపే. ఇంకాస్త తిప్పితే గానీ అంచున సన్నటి నలుపు తగల్లేదు. ఎడమవైపు తిప్పింది, పైకి ఎత్తింది, కిందికి దించింది. ఆ తెలుపునంతా ఆమె ఒక్కసారిగా చూడలేకపోయింది. అంత పెద్దగా ఉంది వాడి చూపు. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. చిన్నోడు కాగితం మూలలు కదలకుండా పట్టుకున్నాడు. ఆమె మళ్ళీ మొదటినుంచి, ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా, తల తిప్పుకుంటూ చూసింది.